విరగడం ఎవరి వంతు?

చెన్నై నుంచి తిరుచ్చి వెళ్లే హైవే మీద, మేల్‌మరువత్తూరు పక్కనే అచ్చిరుపాక్కం అనే ఊరుంది. అరవంలో అచ్చు అంటే ఇరుసు, ఇరు అంటే విరగడం. ఇరుసు విరిగిన ఊరన్నమాట. విరిగింది ఏ రైతు బండి ఇరుసో కాదు, సాక్షాత్తు శివుడి రథం ఇరుసు. త్రిపురాలను కాల్చడానికి బయల్దేరిన రథం అది. భూమే రథం, సూర్యచంద్రులు చక్రాలు, వేదాలు గుర్రాలు, బ్రహ్మ సారథి, మేరువు విల్లు, విష్ణువు బాణం. ఇంత సరంజామా సమకూర్చుకున్నవాడు బయల్దేరే ముందు వినాయకుణ్ణి తలుచుకోవడం మరిచిపోయాడట. ఇరుసు పుటుక్కున విరిగింది. కన్నకొడుక్కి మొక్కితే గానీ రథం కదల్లేదు. జ్ఞానసంబంధర్ పాడిన క్షేత్రాల్లో ఒకటైన ఇక్కడి శివాలయం చెప్పే స్థలపురాణం ఇది.

ఇరుసు ఎందుకు విరిగిందో కథ చెబుతుంది. ఇరుసే ఎందుకు విరిగిందో చెప్పదు. చక్రం విరగొచ్చు, పగ్గం తెగొచ్చు, మేరువే పగలొచ్చు. వినాయకుడి అలక తీరాలంటే ఏదో ఒకటి విరగాలి, సరే. ఆ వంతు ఇరుసుకే ఎందుకు వచ్చింది?

ఈ రెండో ప్రశ్నతో తల బద్దలుకొట్టుకునేవాళ్లు గుళ్లలో కంటే గ్యారేజీల్లోనే ఎక్కువ. ముఖ్యంగా ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను రాళ్లలోకీ ఇసుకలోకీ తోలేవాళ్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలో విలూనా నుంచి హాల్స్ క్రీక్ దాకా కానింగ్ స్టాక్ రూట్ అనే దారి ఉంది. పొడవు సుమారు 1,850 కిలోమీటర్లు, దాటాల్సిన ఇసుక తిన్నెలు 900కు పైమాటే. పశువుల మందలను తోలుకెళ్లడానికి 1906లో ఆల్ఫ్రెడ్ కానింగ్ సర్వే చేశాడు, 1908-10 మధ్య దారి పొడవునా బావులు తవ్వించాడు. ఇప్పుడు మందలు లేవు, ల్యాండ్ క్రూయిజర్లు ఉన్నాయి. తిన్నెలకు తిన్నెలకు నడుమ నేల రేకుల కప్పులా ముడతలు పడి ఉంటుంది. దాని మీద గంటల తరబడి బండి వణుకుతూనే పోతుంది. సాయంత్రం బండి ఆపగానే అనుభవజ్ఞుడు స్టవ్ వెలిగించడు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని దాని నడుమ ఉండే హబ్ మీద చేయి వేసి చూస్తాడు, ఎంత వేడెక్కిందో, ఏ నట్టు వదులైందో అని.

ఆ హబ్బులో ఏముందో చూడాలి. ల్యాండ్ క్రూయిజర్ 80 శ్రేణి లాంటి బండ్లలో ముందు ఇరుసు ఏర్పాటు చిత్రంగా ఉంటుంది. బండి బరువంతా హబ్బులోని బేరింగుల మీద పడుతుంది. లోపలి షాఫ్ట్ మీద బరువు పడదు, దానికి తిప్పడం ఒక్కటే పని. ఒకరు మోస్తారు, ఒకరు తిప్పుతారు. ఈ ఇద్దరినీ కలిపేది షాఫ్ట్ చివర ఉండే బిళ్ల. దాన్ని హబ్బుకు పట్టి ఉంచేవి స్టడ్లనే ఆరు మర కడ్డీలు. ఒక్కోటి 8 మిల్లీమీటర్ల మందం, అంటే చిటికెన వేలికన్నా సన్నం. ఇంజిను తిప్పే బలం మొదటి గేరులో నాలుగు రెట్లు, లో రేంజిలో మరో రెండున్నర రెట్లు, డిఫరెన్షియల్‌లో ఇంకో నాలుగు రెట్లు అయితే మొత్తం నలభై రెట్లు. అదంతా చక్రాలకు పంపకమయ్యేటప్పుడు ముందు చక్రాల వాటా ఈ సన్నటి స్టడ్ల దగ్గరే చేతులు మారుతుంది.

ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఇరుసు కొసన చీల ఊడితే చక్రం తన దారిన తాను పొలంలోకి పోతుంది.

స్టడ్లు తెగడానికి బలం చాలకపోవడమే కారణమనుకుంటారు చాలామంది. సాధారణంగా జరిగేది అది కాదు. చక్రం తిప్పే బలాన్ని స్టడ్ నేరుగా మోయదు, మోయకూడదు కూడా. నట్టు బిగించినప్పుడు స్టడ్ వెంట్రుకవాసి సాగుతుంది. ఉక్కే అయినా స్ప్రింగులాగే సాగి, వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు రెండు లోహపు ముఖాలను ఒకదానికొకటి నొక్కిపడుతుంది. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే బలాన్ని అవతలికి చేరుస్తుంది. రంధ్రంలో మిగిలిన సందును శంకువు ఆకారపు చీలిక వాషర్లు పూడ్చి, బిళ్ల అటూ ఇటూ జరగకుండా చూస్తాయి. బిగింపు ఉన్నంతకాలం స్టడ్ నిశ్చింతగా ఉంటుంది. బిగింపు సడలితే రెండు ముఖాలూ జారడం మొదలెడతాయి. వేగం పెంచితే ఒక పక్కకు, తగ్గిస్తే ఇంకో పక్కకు. అప్పుడు స్టడ్ కత్తెర నోట్లో పడ్డట్టే. అడ్డంగా వచ్చే ఈ చిన్న కదలికలే నట్లను తిప్పి వదులు చేస్తాయని 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు ప్రయోగాలు చేసి చూపించాడు. మనం నమ్మకంగా వేసుకునే స్ప్రింగు వాషరు ఈ రకం కుదుపును పెద్దగా ఆపలేదని కూడా ఆ తర్వాతి పరీక్షల్లో తేలింది. పాపం, ఎన్ని లారీలకు ఎన్ని వేశారో.

చక్రం మధ్య రంధ్రాన్ని సంస్కృతంలో ‘ఖ’ అంటారు. రంధ్రం చక్కగా కుదిరితే సుఖం, కుదరకపోతే దుఃఖం అని ఆ రెండు మాటల పుట్టుకను చెప్పే భాషావేత్తలున్నారు. ఋగ్వేదంలో సుఖమనే మాట రథానికే విశేషణంగా కనిపిస్తుంది. సుఖమంటే సాఫీగా నడిచే బండి. ఈ వ్యుత్పత్తిని ఒప్పుకోని పండితులూ ఉన్నారు గానీ, సడలిన హబ్బుతో ఎడారి దాటినవాడు మాత్రం వాదించడు.

ఇక బలం చేర్చే సంగతి. దారులు చాలానే ఉన్నాయి. 8.8 గ్రేడు తీసి 10.9 వేయొచ్చు. ఆ అంకెల భాష సులువే: మొదటిది చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడు దాకా తెగదు, రెండోది 100 దాకా. 12.9 అయితే 120. రంధ్రాలు పెద్దవి చేసి 8 బదులు 10 మిల్లీమీటర్ల స్టడ్లు దించితే బరువు కాచే కోత వైశాల్యం సగానికి పైగా పెరుగుతుంది. స్టడ్లకు తోడు గట్టి పిన్నులు దిగ్గొట్టొచ్చు. ఖర్చు తక్కువ, తృప్తి ఎక్కువ. అయితే గట్టిదనానికి ఒక మూల్యం ఉంది. మరీ గట్టి ఉక్కుకు సాగే గుణం తగ్గుతుంది. పూత వేసేటప్పుడు లోపలికి చొరబడిన హైడ్రోజన్ దాన్ని పెళుసుగా మార్చగలదు. మెత్తటి స్టడ్ వంగి, మూలిగి, ముందే చెప్పి పోతుంది. గట్టిది చెప్పకుండా పోతుంది.

అంతకన్నా పెద్ద మూల్యం వేరే ఉంది. హబ్ స్టడ్లు ఇక తెగవనుకోండి. తర్వాతి పగులు లోపలి కీలు దగ్గర, స్టీరింగు తిరిగే చోట బంతులు దొర్లే గిన్నెలో వస్తుంది. దాన్ని క్రోమోలీ ఉక్కుతో మార్చితే షాఫ్టుకు, షాఫ్టు మార్చితే డిఫరెన్షియల్ పళ్లకు, ఆ పళ్లూ గట్టివైతే ఇరుసు గొట్టానికే. ఒక్కో అడుగూ లోపలికి, ఒక్కో అడుగుకూ ఖర్చు రెట్టింపు. స్టడ్డయితే ఎడారిలో నీడ చూసుకుని అరపూటలో మార్చుకోవచ్చు. డిఫరెన్షియల్ పళ్లు రాలితే ఎవరో వచ్చి ఈడ్చుకెళ్లాల్సిందే. అందుకే రాళ్లదారిలో బండి తోలే కొందరు హబ్బును కావాలనే బలహీనంగా ఉంచుకుంటారు. ముందుగా విరగడానికే తయారుచేసిన ‘హబ్ ఫ్యూజులు’ కూడా అమ్మకానికి వచ్చాయి. జేబులో నాలుగు పెట్టుకుని తిరగొచ్చు. బలం చేర్చడం పగులును చంపదు, దాని అడ్రసు మారుస్తుంది.

మన కథల్లో ఈ మాట చెప్పింది కైక వేలు.

దేవాసుర యుద్ధంలో దశరథుడి రథచక్రం చీల ఊడిపోతే కైక తన వేలు అక్కడ దూర్చి చక్రం పడిపోకుండా కాచిందని హరికథల్లో, అమ్మమ్మల నోట విన్నాం. వాల్మీకంలో ఈ వేలు లేదు. అక్కడ గాయపడి స్పృహ తప్పిన రాజును ఆమె రణం నుంచి తప్పించి కాపాడుతుంది, రెండు వరాలు పొందుతుంది. వేలు తర్వాతి కథకుల చేర్పు. ఆ కథకులకు యంత్రం తెలుసు. వాళ్లు చీల చోట మనిషిని పెట్టారు. చక్రం నిలిచింది, యుద్ధం గెలిచారు, పగులు పోయినట్టే ఉంది. అది ఎక్కడికీ పోలేదు. రెండు వరాల రూపంలో ఏళ్ల తరబడి అంతఃపురంలో దాక్కుని, పట్టాభిషేకానికి ముందురోజు బయటపడింది. రథంలో విరగాల్సింది ఇంట్లో విరిగింది. ఆ రోజు చక్రమే ఊడి ఉంటే దశరథుడికి ఒక రథం పోయేది, లేదా ప్రాణం పోయేది. ఊడలేదు కనుక రాముడు అడవికి పోయాడు, రాజు ప్రాణమూ పోయింది. ఇదంతా చూసి కైకను తిట్టే సంప్రదాయమే తప్ప, చీల లేని రథాన్ని యుద్ధానికి తోలించినవాణ్ణి అడిగే సంప్రదాయం లేదు.

రిపేరు మీద రిపేరు చేస్తూ పోతే చివరికి ఏం మిగులుతుందనే ప్రశ్న బుద్ధుడికీ వచ్చింది. సంయుత్త నికాయంలో ఆణి సుత్తం అని ఒక చిన్న సూత్రం ఉంది. ఆణి అంటే చీల. మేకుకు తమిళంలో ఇవాళ్టికీ అదే మాట. దశారహులనే వాళ్లకు ఆనకమనే ఢంకా ఉండేది. అది పగిలినప్పుడల్లా ఒక చీల కొట్టేవారు. పగలడం, చీల కొట్టడం. చివరికి మొదటి ఢంకా చెక్క మాయమై, చీలల కూర్పు ఒక్కటే మిగిలింది. రాబోయే కాలంలో భిక్షువులు లోతైన ఉపదేశాన్ని వదిలి నగిషీ మాటలకు చెవులొగ్గుతారని హెచ్చరించడానికి బుద్ధుడు చెప్పిన పోలిక అది. కానీ పోలికకు దాని సొంత బతుకుంటుంది. మిళింద రాజు దగ్గర నాగసేనుడనే భిక్షువు ఇరుసు రథమా, చక్రం రథమా అని ఒక్కో భాగాన్నీ విప్పుకుంటూ పోయి రథమంటూ విడిగా ఏదీ లేదన్నాడు. ఢంకా కథ అటు నుంచి నరుక్కొస్తుంది. ఇక్కడ ఏదీ విప్పలేదు, చేర్చుకుంటూ పోయారంతే. అయినా అసలు సరుకు పోయింది. ఒక్కో భాగానికీ బలం చేర్చుకుంటూ పోయిన బండి యజమానులకు ఇది బాగా అర్థమవుతుంది. షోరూములో కొన్నప్పటి బండిలో ఇప్పుడు మిగిలింది నంబరు ప్లేటే.

ఇంజినీరింగులో ఈ ప్రశ్నను ముఖాముఖి ఎదుర్కొన్నవాడు బేలా బారెన్యి. కారు ఎంత గట్టిగా ఉంటే లోపలివాళ్లు అంత క్షేమమని లోకమంతా నమ్మిన రోజుల్లో, ముందూ వెనకా నలగాలి, మనిషి కూర్చునే గది ఒక్కటే నలగకూడదు అని మెర్సిడెస్ కోసం ఆయన రూపొందించిన ఏర్పాటుకు 1952లో పేటెంటు వచ్చింది. రేకు నలగనంటే ఎముకలు నలుగుతాయి. గుద్దుకున్న బలం ఎక్కడో ఒకచోట ఖర్చు కావాల్సిందే, అది మనిషి ఒంట్లో కాకుండా చూడటమే ఆయన లెక్క.

ఇక్కడిదాకా తర్కం సాఫీగానే నడుస్తుంది. చౌకది, సులువుగా మార్చగలిగేది, బయటివైపు ఉన్నది ముందు విరగాలి. ఖరీదైనది, లోపలిది చివరికి మిగలాలి. లోహం విషయంలో దీనికి తిరుగులేదు. చిక్కల్లా ఈ లెక్కను లోహం దగ్గర ఆపకపోవడంలో ఉంది. ఇళ్లలో, ఆఫీసుల్లో, ఊళ్లలో ఇదే సూత్రం ఎవరూ పలకకుండానే అమలవుతుంది. కుటుంబం ఇరుకున పడితే ముందు ఎవరి చదువు ఆగుతుంది? కంపెనీకి నష్టమొస్తే ముందు ఎవరి బ్యాడ్జి వెనక్కి తీసుకుంటారు? చౌక, సులువుగా మార్చగలిగినవాళ్లు, బయటివైపు ఉన్నవాళ్లు. త్యాగాన్ని పొగిడే తత్వాల్లో చాలావాటిని రథంలో కూర్చున్నవాళ్లే చెప్పారు. చీలను అడిగి రాసినవి తక్కువ.

కానింగ్ దారికే ఈ చరిత్ర ఉంది. ఎడారిలో నీళ్లెక్కడున్నాయో సర్వే బృందానికి తెలియదు, అక్కడి ఆదివాసులకు తెలుసు. వాళ్లను పట్టుకుని గొలుసులతో కట్టి నీటి జాడకు నడిపించారు. ఆరోపణలు రావడంతో 1908లో రాయల్ కమిషన్ వేశారు. కమిషన్ కానింగ్‌ను నిర్దోషిగా తేల్చింది. వాళ్ల నీటిచెలమలు పశువుల బావులయ్యాయి. దారి భారమంతా ఎవరి మీద పడిందో పటాల్లో ఉండదు.

కాబట్టి లోహానికి ఏది నీతో మనిషికి అదే అవినీతి. చీలకు తానంటూ ఒకటి లేదు, కైక వేలికి ఉంది. కొత్త స్టడ్ పాతదానికి అచ్చంగా బదులవుతుంది, మనిషికి మనిషి అలా బదులు కాడు. ఇంజినీరు పగులు ఎక్కడ రావాలో నిర్ణయించినప్పుడు తెలివి చూపిస్తాడు. అదే పని మనుషుల మధ్య చేసేవాడు, తెలిసినా తెలియకపోయినా, ధర్మనిర్ణయం చేస్తున్నాడు, దానికి జవాబుదారీ కావాలి.

మరైతే మనుషుల మధ్య చీల అనదగ్గది ఏమీ లేదా? దీనికీ పాత జవాబొకటుంది. ఉపనిషత్తులకు చక్రమంటే ఎక్కువగా నాభి, ఆకులు. ఆకులన్నీ నాభిలో అమరినట్టు సర్వమూ ప్రాణంలో అమరి ఉందని ఛాందోగ్యం చెబుతుంది. ఋగ్వేదం సవితృ సూక్తంలో రథం చీల మీద నిలిచినట్టు అమృతమైనవి సవిత మీద నిలిచాయన్న పోలిక ఉంది. పాలి సూత్రాల చూపు వేరు, అవి చీలను మనుషుల మధ్యకు తెచ్చాయి. వాసెట్ఠ సుత్తంలో కర్మ, నడిచే రథానికి చీలలాంటిది. అంగుత్తర నికాయంలో సంగహ సుత్తం ఆ చోట నాలుగింటిని పెట్టింది: దానం, ప్రియమైన మాట, ఎదుటివాడికి పనికొచ్చే నడత, అందరినీ సమంగా చూడటం. నడిచే రథాన్ని చీల పట్టి ఉంచినట్టు ఇవి లోకాన్ని పట్టి ఉంచుతాయట.

ఆ నాలుగింటిలో ఒక్కటీ ఒంటరిగా భారం మోసే గుణం కాదు. నాలుగూ ఇద్దరి మధ్య బిగింపులు. హబ్బులో జరిగేదీ అదే కదా. స్టడ్ మోయదు, రెండు ముఖాలను దగ్గరగా పట్టి ఉంచుతుంది, మోసేది ఆ దగ్గరితనం. మంచి మెకానిక్‌ను స్టడ్లకు బలం చేర్చమని అడిగితే అతను ముందుగా 12.9 గ్రేడు తీయడు. ముఖాల మీది తుప్పు, పాత రంగు, గ్రీజు తుడుస్తాడు. అరిగిన శంకువు వాషర్లు పారేసి కొత్తవి వేస్తాడు. మరల మీద ఎంత నూనె ఉందో చూస్తాడు, ఎందుకంటే నూనె ఉంటే పానాతో అంతే బలంగా తిప్పినా స్టడ్ ఎక్కువ సాగుతుంది. ఎదురెదురు వాటిని వరసగా, పద్ధతి ప్రకారం కొలత పానాతో బిగిస్తాడు. కొన్ని కిలోమీటర్లు తిరిగొచ్చాక మళ్లీ బిగిస్తాడు. పెద్ద స్టడ్ల సంగతి ఇవన్నీ అయ్యాకే.

మళ్లీ మళ్లీ చూడటం దేనికంటే, భారం పెద్దది కావడం కన్నా తరచుగా పడటం ప్రమాదం. 1842 మే 8న వెర్సాయ్ ఉత్సవాల నుంచి పారిస్‌కు తిరిగొస్తున్న రైలు ముందు ఇంజిను ఇరుసు విరిగింది. పెట్టెల తలుపులకు బయటి నుంచి తాళాలు వేసి ఉండడంతో మంటల్లో యాభైమందికి పైగా చనిపోయారు. నిన్నటిదాకా నడిచిన ఇరుసు ఇవాళ అదే బరువుకు ఎందుకు విరిగిందని రాంకిన్, ఆ తర్వాత జర్మనీలో వోలర్ అనే ఇంజినీర్లు పరిశోధిస్తే లోహానికీ అలసట ఉందని తేలింది. తిరిగే ఇరుసు మీద ప్రతి చుట్టుకూ ఒకసారి లాగుడు, ఒకసారి నొక్కుడు. జీపు టైరు వ్యాసం 80 సెంటీమీటర్లనుకుంటే 100 కిలోమీటర్లకు దాదాపు 40,000 చుట్లు. ఏ ఒక్క చుట్టూ నేరం చేయలేదు. కర్మను చీలతో పోల్చినవాళ్లు లోహాన్ని పరీక్షించి ఉండరు గానీ, కూడబెట్టుకునే గుణాన్ని మాత్రం సరిగ్గా పట్టుకున్నారు.

రథాలున్న మతానికి ఈ చిక్కు ఎప్పుడూ ఉన్నదే. దానికి రెండు చోట్ల రెండు జవాబులు కనిపిస్తాయి. తమిళనాట తిరువారూరు లాంటి చోట్ల మహారథాలకు తిరుచ్చి భెల్ తయారుచేసిన ఉక్కు చక్రాలు, ఇరుసులు, హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. జనం ప్రాణాలు కాచే పని కనుక అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. పూరీలో అలా కాదు. 16, 14, 12 చొప్పున మూడు రథాలకు 42 చక్రాలు, అన్నీ కొయ్యవే, అక్షయ తృతీయ నాడు మొదలుపెట్టి ఏటా కొత్తగా చేస్తారు. యాత్ర ముగిశాక విప్పేస్తారు. ఇరుసు అలసిపోయేంత కాలం దాన్ని ఉంచరు. వడ్రంగులకు ప్రతి ఏడూ పని, ప్రతి చీలా ఆ ఏటి చేతులతో దిగ్గొట్టిందే. ఖర్చు లెక్క వేసేవాడికి ఇది వృథాగా తోచవచ్చు.

ఎడారిలో ఏటా బండి మార్చుకునే భాగ్యం ఎవరికీ ఉండదు. అక్కడ చేసేది చిన్న పని. నట్టు బిగించాక, నట్టు మీద నుంచి బిళ్ల మీదకు తెల్ల రంగుతో ఒక గీత గీస్తారు. రాత్రి గుడారం వేసుకుంటారు, తెల్లారాక టీ మరిగేలోపు టార్చి పట్టుకుని ఒకసారి వంగి చూస్తారు. ఐదు గీతలు గీసినట్టే ఉంటాయి. ఆరోది నట్టు దగ్గర వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటుంది. టీ దించమని ఇంకొకరికి చెప్పి, పానా కోసం డిక్కీ తెరుస్తారు.